మామ బండికి చలి

మా ఇంటి ఫ్రిజ్జుకూ నాకూ పడదు. తలుపు తెరిచి, ఏం తిందామా అని అర నిమిషం ఆలోచించుకునే స్వేచ్ఛ కూడా ఇవ్వదు. కీచుకీచుమని అరిచి, నేను వంటింట్లో ఉన్న సంగతి పడకగదిలో ఉన్న మా ఆవిడకు చేరవేస్తుంది. బట్టలుతికే యంత్రమూ అంతే. మూత సరిగా పడకపోతే ఎర్రదీపం, నీళ్ళు తక్కువైతే పచ్చదీపం, పని అయిపోతే ఒక పాట. వేలూరు తొరపాడిలో మేముండే ఫ్లాట్లో నోరు లేని వస్తువు ఇంకా ఏదైనా మిగిలి ఉంటే అది నేనే. ఆ రోజుల్లో వస్తువులకు ఇంత వాగుడు లేదు. పాడైతే పాడై ఊరుకునేవి. ఎందుకు పాడయ్యాయో మనమే కనుక్కోవాలి, కనుక్కునేదాకా అవి మర్యాదగా మౌనం పాటించేవి. ఆ మౌనంలో మనిషి ఊహించుకోవడానికి బోలెడంత చోటుండేది. ఆ చోటునంతా నేనొక్కడినే వాడేసుకున్న వారం ఒకటుంది. ఇది దాని సంగతి.

అప్పుడే మెకానికల్ ఇంజినీరింగు పూర్తి చేశాను. పూర్తి చేశానంటే, నేను పరీక్షలు రాయడం మానేశాను, వాళ్ళు పట్టా ఇచ్చేశారు. నెమిలిలో మా నాయనకు జవుళి అంగడి ఉండేది. అక్కడే ఉంటే చీరలు మడత పెట్టే పనికి కూర్చోబెడతాడని భయపడి, ఇంటర్వ్యూలకు వేలూరు దగ్గరని చెప్పి గుడియాత్తంలో మా మేనమామ ఇంట్లో దిగాను. (వేలూరులో నాకు ఇంటర్వ్యూలేవీ లేవు. దగ్గరన్నది మాత్రం నిజం.) మామది నేతవీధి. ఇంట్లో రెండు మగ్గాలు అత్త చేతిమీద నడిచేవి. మామ పాతికేళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, ఇక ఒక చోట కూర్చునే పని వద్దనుకుని, పాత తెల్ల పెట్రోలు కారొకటి కొని బాడుగకు తిప్పుతున్నాడు. ఆ కారుకు మామ నాలుగో యజమాని. ముందరి ముగ్గురూ మంచివాళ్ళేనని, కారు గురించి చెడ్డ మాట ఒక్కటీ చెప్పలేదని మామ అనేవాడు.

రోజూ తప్పకుండా దొరికే బాడుగ ఒక్కటే: పక్క వీధిలో ఉండే రిటైరైన హెడ్మాస్టరు. ఆయన మోకాలికి వేలూరు ఆసుపత్రిలో ఆదివారం తప్ప ప్రతిరోజూ ఉదయం ఏడున్నరకు ఫిజియోథెరపీ. (అంటే ఏమిటని మామను అడిగితే "కరెంటు పెట్టి కాలు మడిచేది" అన్నాడు. తర్వాత విచారిస్తే, అంతకంటే బాగా ఎవరూ చెప్పలేకపోయారు.) ఆరున్నరకు బయల్దేరితే సరిగ్గా అందుకోవచ్చు. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, పుట్టిన దగ్గర్నుంచీ మామ బండి ఆరున్నరకు బయల్దేరడం మానేసింది. తాళం తిప్పితే లోపల ఏదో తిరుగుతుంది, మూలుగుతుంది, దగ్గుతుంది, అంటుకోదు. ఎనిమిదిన్నరకు ఎండ సందులోకి దిగి బానెట్టు మీద పడగానే, ఏం, నన్నెవరైనా పిలిచారా అన్నట్టు ఒక్క తిప్పుకు లేస్తుంది.

తోసి స్టార్టు చేయవచ్చు కదా అని మీరంటారు. మేమూ అనుకున్నాం. బండి నిలబెట్టే సందు ఒక వైపు ఎక్కుడుగా పోయి పెద్ద రోడ్డులో కలుస్తుంది. ఆ ఎక్కుడులో తోయడానికి మా ఇంట్లో అంత మంది లేరు. రెండో వైపు పల్లంగా, తీరుగా వీధి ఉంది కానీ, నేతగాళ్ళ ఊళ్ళో పొద్దున్నే వీధి మనది కాదు. తెల్లవారకముందే దాని పొడవునా పడుగు చాస్తారు. వందలాది దారాలను ఈ చివర నుంచి ఆ చివరకు కర్రల మీద బిగించి, గంజి పట్టించి, బారెడు కుంచెలతో దువ్వుతారు. అవి ఆరేదాకా ఆ దారిన కుక్క కూడా గోడవారగా పోతుంది. అందులోకి కారు తోస్తే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా మామ ఒప్పుకోలేదు.

శుక్రవారం పొద్దున హెడ్మాస్టరు భార్య స్వయంగా వచ్చింది. వెనకాలే హెడ్మాస్టరు కర్ర పట్టుకుని వచ్చి, మా అరుగు మీద కూర్చుని పేపరు విప్పుకున్నాడు. ఆయన ఏ రోజూ ఒక్క మాట అనేవాడు కాదు. మాటల బాధ్యత ఆమెది.

"ఏమప్పా, ఈ వారంలో నాలుగు దినాలు ఆలస్యం. ఈయన పోయేసరికి ఆ కాలు మడిచే పిల్లోడు వార్డుకు పోయేస్తా ఉండాడంట. ఈయన కాఫీ తాగి తిరుక్కోని వస్తా ఉండాడు. మోకాలు బాగయ్యేది ఎట్ల? వచ్చే గురువారం లోపల నీ బండి టైముకు రావాల. లేదంటే నేను వేరే బండి మాట్లాడుకుంటా. కోపం చేసుకోవద్దు."

మామ కోపం చేసుకోలేదు. అంతకంటే పెద్ద పని జరిగింది: ఆయన ముఖం ఒక్కసారి మగ్గం గుంట వైపు తిరిగింది. ఈ బాడుగ పోతే బండి నిలబడదు. బండి నిలబడకపోతే మళ్ళీ ఆ గుంటలోకి కాళ్ళు పోవలసిందే. అది నాకు కూడా అర్థమైంది. ఆ తర్వాత అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి.

"ఏమప్పా ఇంజినీరూ, నాలుగేండ్లు చదివినావు కదా. దీనికేమి వచ్చిందో చెప్పు" అన్నాడు మామ.

నేను బానెట్టు మీద చెయ్యి పెట్టి, "చలి" అన్నాను.

నా జీవితంలో నేను చెప్పిన ఏ సమాధానమూ అంత బాగా చెల్లలేదు. (మా వైపు చలంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం: మే నెల మిట్టమధ్యాహ్నం చొక్కా పై గుండీ కూడా తీయకుండా తిరిగే మనుషులు, మార్గళిలో గాలి కాస్త చల్లబడగానే చెవులు మూసే ఉన్ని టోపీలు పెట్టుకుని ఒకరినొకరు గుర్తుపట్టడం మానేస్తారు.) మనుషులకే ఇట్లా ఉంటే ఇనుముకు ఎట్లా ఉంటుందని ఎదురింటి తాత కూడా బలపరిచాడు. గురువారం లోపల బండికి చలి విడిపిస్తానని మాట ఇచ్చాను. అప్పటికప్పుడు ఒక నోటుబుక్కు తీసి మూడు గళ్ళు గీశాను: సమయం, చలి ఎంత, బండి లేచిందా లేదా. మొదటిదానికి గడియారం ఉంది. మూడోదానికి మామ ముఖం ఉంది. రెండోదానికి ఇంట్లో ఉన్నది జ్వరం చూసుకునే థర్మామీటరొకటే. దాన్నే రోజూ తెల్లవారగానే సందులో దారం కట్టి వేలాడదీసి చూశాను. అది తన చిట్టచివరి గీత దగ్గర నుంచి కదల్లేదు. నేను మాత్రం నిజాయితీగా "జ్వరం లేదు" అని రాసుకున్నాను.

ముందు అనుమానం బ్యాటరీ మీద. శనివారం దాని సంగతి చూశాం. ముందురోజు సాయంత్రమే ఊడదీసి, పాత లుంగీలో చుట్టి, పొయ్యి దగ్గర వెచ్చగా పడుకోబెట్టాం. పొద్దున మళ్ళీ బిగించి తాళం తిప్పితే ఇంజిను ఎప్పటికంటే హుషారుగా తిరిగింది, ఎప్పటిలాగే అంటుకోలేదు. బ్యాటరీ ఆరోగ్యంగా ఉందని తేలింది. జబ్బు దానిది కాదని ఒప్పుకోవడానికి నాకు ఇంకో అరగంట పట్టింది. ఆదివారం బాడుగ లేదు గనుక రోజంతా నాదే. కార్బురేటరు విప్పి, కడిగి, తుడిచి, ఊది, మళ్ళీ పెట్టాను. పెట్రోలు వస్తున్నది, గాలి వస్తున్నది. రావలసినవన్నీ వస్తున్నాయి, బండి మాత్రం లేవడం లేదు. సాయంత్రం నా చికిత్స చెప్పాను: రేపటి నుంచీ చీకటి పడగానే బానెట్టు మీద మందంగా కంబళి కప్పాలి. పగలంతా తిరిగిన వేడి లోపలే ఉంటుంది, పొద్దున ఇంజిను వెచ్చగా లేస్తుంది. అయినా మామకు ఓపిక లేక, రేపెందుకు, ఈరోజే మొదలుపెడదామని ఊరి చివరి దాకా ఒక చుట్టు తిప్పుకొచ్చి బండిని వేడి చేసి తెచ్చాడు. కంబళి కప్పే పని అత్త తీసుకుంది. తీసుకుంటూ నన్నొక మాట అడిగింది.

"ఏం నాయనా, బండి మింద నీళ్ళు పడితే ఏమన్నా అవుతుందా?"

ఇంటివాళ్ళు విజ్ఞానం మీద ఆసక్తి చూపినప్పుడు చదువుకున్నవాడు చెయ్యవలసిన పనే నేను చేశాను. రేడియేటరు గురించి పావుగంట చెప్పాను. నీళ్ళు ఎట్లా తిరుగుతాయో, వేడిని ఎట్లా మోసుకుపోతాయో గాలిలో బొమ్మ గీసి చూపించాను. "నీళ్ళు లేకపోతే బండే లేదత్తా. ఇంజినుకు నీళ్ళే ప్రాణం" అని ముగించాను. అత్త తృప్తిగా తల ఊపి, "అట్లయితే సరి" అని కంబళి తీసుకుని పోయింది. ఆమె ఎందుకు అడిగిందని నేను అడగలేదు. ప్రశ్నలు అడగడం నా పని అనీ, ఆమె పని కాదనీ అప్పటికి నా అభిప్రాయం.

సోమవారం బండి ఎనిమిదిన్నరకు కూడా లేవలేదు. పది దాటింది. హెడ్మాస్టరు మా అరుగు మీద పేపరు మొత్తం చదివి, ప్రకటనలు చదివి, అత్త ఇచ్చిన ఇడ్లీలు తిని, ప్రశాంతంగా కూర్చున్నాడు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను: "కంబళి వల్ల లోపలి చలి బయటికి పోవడం లేదు." ఆ వాక్యం రాసినవాడికి పట్టా ఇచ్చిన కాలేజీ ఇంకా నడుస్తూనే ఉంది.

మామకు నా మీద గౌరవం తగ్గలేదు, నమ్మకం మాత్రం తగ్గింది. ఆ రోజు అమావాస్య. నేతగాళ్ళకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గం ఆడదు, వీధిలో పడుగు చాచరు, గంజి కాచరు, ఊరంతా తలంటు పోసుకుని పడుకుంటుంది. సాయంత్రం మామ పెద్ద గుమ్మడికాయొకటి తెచ్చి, దాని నెత్తిన కుంకుమ నింపి, బండి చుట్టూ మూడుసార్లు తిప్పాడు. నేనేదో చెప్పబోతే, "నువ్వు సుమ్మా ఉండప్పా కొంచేపు. నీ వైద్యం అయింది కదా" అని బండి ముందర నేలకేసి కొట్టాడు. ఎదురింటి తాత, "దిష్టే, వేరే ఏమీ కాదు. చూస్తా ఉండు" అన్నాడు.

మంగళవారం ఆ నెలలోకెల్లా చల్లటి పొద్దు. నోరు తెరిస్తే పొగ వస్తోంది. ఆరుంపావుకు మామ తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే బండి లేచింది. తాత ఉన్ని టోపీ తీసి నా వైపు చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు అవమానం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. నిన్న లేనిది ఈరోజు ఏం వచ్చింది? ప్లగ్గుకు నిప్పురవ్వ అందుతున్నదా అని చూడాలనిపించి, ఇంజిను తిరుగుతుండగానే ఒక వైరు లాగి చేత్తో పట్టుకున్నాను. అందుతున్నది. మామ నన్ను లేపి అరుగు మీద కూర్చోబెట్టి, హెడ్మాస్టరును ఎక్కించుకుని పోయాడు. ఎక్కేముందు ఆయన పేపరు మడిచి ఒక నిట్టూర్పు విడిచాడు. పాపం, మోకాలి నొప్పి అనుకున్నాను.

ఆ సాయంత్రం వీధిలో గుమ్మడికాయ గురించి తప్ప మాట లేదు. బుధవారం పొద్దున బండి లేవలేదు.

"ఏమప్పా ఇది, గుమ్మడికాయ పవరు ఒక్క దినానికేనా?" అన్నాడు మామ, ఎవరినీ కాదు, బండినే. రేపు గురువారం. ఆయన గొంతు నీరసంగా ఉంది. "దినానికొకటి కొట్టాలంటే కూరకు యాడనుంచి తెచ్చేది?"

ఎండ వచ్చేదాకా చేసేదేమీ లేదని మామ లోపలికి పోయాడు. నేను మాత్రం కదల్లేకపోయాను. చలి వల్ల లేవకపోతే మంగళవారం అస్సలు లేవకూడదు. దిష్టి వల్ల అనుకుంటే, పాతికేళ్ళ పాత కారును చూసి అసూయపడే మనిషి మా వీధిలో ఎవరు? టార్చి తెచ్చి బానెట్టు ఎత్తాను. అప్పటిదాకా పుస్తకంలో ఏముందో అది ఇంజినులో ఉందా అని చూశాను గానీ, ఇంజినులో ఏముందో చూడలేదు. నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచిపెట్టే నల్లటి మూతొకటి ఉంటుంది, డిస్ట్రిబ్యూటరంటారు. దాని మీద చెయ్యి పెడితే తడి. ఊరికే తడి కాదు, జిగట. దాని నుంచి పోయే వైర్లు కొత్త లుంగీలాగా పెళపెళలాడుతున్నాయి. వాసన చూస్తే ఎక్కడో బాగా తెలిసిన వాసన. ఇక దారి లేక నాలుక చివర పెట్టి రుచి చూశాను. (ఇది కాలేజీలో నేర్పరు.) గంజి. కొంచెం ఉప్పు తక్కువ.

"అత్తా!" అని అరిచాను. "ఇంజిను లోపల గంజి ఉండాది!"

అత్త చేతిలో నూలు చుట్టే కండె పట్టుకునే వచ్చింది. మామ తువ్వాలుతో వచ్చాడు.

"ఉండదా మరి?" అంది అత్త నిదానంగా. "మార్గళిలో ఎండ యాడ ఉండాది? గంజిలో ముంచిన నూలు రెండు దినాలైనా ఆరదు. బండి వచ్చేసరికి బానెట్టు దోసె పెనం మాదిరి కాలతా ఉంటాది. దాని మింద పరిస్తే తెల్లారేసరికి సగం ఆరిపోతాది."

"నా బండి మిందనా నూలు ఆరేసేది?" అన్నాడు మామ.

"నువ్వు బండి యాడ నిలబెట్టినావు? నేను నూలు ఆరేసే తావులోనే కదా!"

అత్త నా వైపు తిరిగింది. "కంబళి కప్పమన్నావు చూడు, అది ఇంకా మేలాయె. నూలు మింద మంచు పడకుండా ఉండె. మొన్న నష్టమైన దినానికి నిన్న రెండింతలు పరిచినా. నిన్ను అడిగే కదప్పా చేసింది, నీళ్ళు పడితే ఏమన్నా అవుతుందా అని?"

ఆ సమయంలో నాకు ఆకాశంలో ఏదో ఆసక్తికరంగా కనిపించింది.

మీరు అడగవచ్చు: ఇంత నూలు రోజూ బండి మీద పడుకుంటుంటే ఇంట్లో ఉన్న ఇద్దరు మగవాళ్ళకు కనబడలేదా అని. మగ్గం ఉన్న ఇంట్లో కొన్నాళ్ళు ఉండి చూడండి. అక్కడ నూలు అన్నిటి మీదా ఉంటుంది. దండెం మీద, మంచం మీద, సైకిలు మీద, కిటికీ చువ్వల మీద. నేను కదలకుండా కూర్చుంటే నా భుజం మీద. చేపకు నీళ్ళు ఎట్లాగో మాకు నూలు అట్లా. చీకటి పడ్డాక కంబళి కింద ఎత్తుగా ఉన్నది నాకు కనబడుతూనే ఉంది; అత్త శ్రద్ధగా రెండు మడతలు వేసి కప్పుతున్నదని మెచ్చుకున్నాను కూడా. నేను లేచేలోపల, నాలుగింటికే ఆమె నూలు తీసేసుకుని కండెలు చుట్టడానికి కూర్చునేది. రాత్రంతా కారిన గంజి నీళ్ళు, అద్దం ముందర ఉన్న గాలి కంతల్లోంచి నేరుగా ఆ నల్ల మూత మీదికి దిగేవి. తడిలో కరెంటు దారి తప్పేది. ఎండ వస్తే ఆరేది, బండి లేచేది; కంబళి కప్పిన సోమవారం ఆ తడికి ఆరే దారి కూడా లేకపోయింది. అమావాస్య నాడు గంజే కాచలేదు గనుక మంగళవారం ఏ గొడవా లేదు. పాత లుంగీ గుడ్డతో మూతా వైర్లూ శుభ్రంగా తుడిచి, పొయ్యి దగ్గర కాసేపు కాచి పెట్టి, మామను తాళం తిప్పమన్నాను. ఏడు కూడా కాలేదు, సందులో ఎండ పొడ లేదు. బండి గట్టిగా లేచింది. చలి నిర్దోషి. (గుమ్మడికాయ ప్రమేయం కూడా కొంత ఉందని మామ ఈనాటికీ అంటాడు.)

నూలు ఇంకెక్కడైనా ఆరేసుకోమని మామ అన్నాడు గానీ అత్త ఒప్పుకోలేదు. "నీకు గురువారం బాడుగ ఉంటే నాకు శనివారం పడుగు ఉండాది" అంది. న్యాయమే. అందుకని పాత సైకిలు ట్యూబు కోసి, ఆ నల్ల మూతకు టోపీలాగా తొడిగి, వైర్ల మీదికి కూడా జారేటట్టు కట్టాను. మా వీధిలో అప్పటికి ఉన్ని టోపీ లేనిది అదొక్కటే. ఆ సాయంత్రం అత్త నూలు నిండా పరిచింది, మామ కళ్ళు మూసుకున్నాడు, నేను కంబళి కప్పాను.

ఆ నోటుబుక్కు ఈమధ్య అలమర సర్దుతుంటే దొరికింది. రెండో గడిలో ఆరు రోజులకూ ఆరు సార్లు అందంగా రాసి ఉంది, "జ్వరం లేదు" అని. ఆ చేతిరాత రాసినవాడికి ప్రపంచంలో తెలియనిదంటూ లేదు, కాస్త సమయం ఇస్తే చాలు. ఇప్పటి నా బండికి ఏదైనా అయితే అద్దం కింద ఒక దీపం వెలిగి, ఎక్కడికి తీసుకుపోవాలో కూడా చెబుతుంది. నేను తీసుకుపోతాను. ఇంజినులో వేలు ముంచి రుచి చూసినవాడు ఎటు పోయాడో తెలియదు. ఎదురైతే ఏమీ సరిదిద్దను. టార్చి పట్టుకుని పక్కన నిలబడతాను.

గురువారం ఆరుంపావుకు బండి ఒక్క తిప్పుకు లేచింది. హెడ్మాస్టరు భార్య వాకిట్లో గడియారం వైపు చూసి, మా వైపు చూసి, "ఇట్ల ఉండాల" అని లోపలికి పోయింది. మామ ముఖం మగ్గం గుంటను మరిచిపోయింది. ఇంత జరిగాక ఇంట్లో కూర్చోలేక నేనూ ముందు సీట్లో ఎక్కాను. విరించిపురం దాటేదాకా వెనక్కి తిరిగి కూర్చుని హెడ్మాస్టరుకు మొత్తం వివరించాను: బ్యాటరీ, కంబళి, అమావాస్య, గంజి, సైకిలు ట్యూబు. ఆయన మంచి విద్యార్థిలాగా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఏడుంపావుకు ఆసుపత్రి గేటు ముందర దించాం. లోపల మెట్ల మీద తెల్లకోటు వేసుకున్న బలమైన కుర్రవాడొకడు చేతులు రుద్దుకుంటూ ఎదురుచూస్తున్నాడు. హెడ్మాస్టరు అతన్ని చూశాడు, గేటు పక్కన పొగలు కక్కుతున్న కాఫీ అంగడిని చూశాడు. కర్ర ఆనించి, కళ్ళజోడు పై నుంచి నన్ను చూశాడు.

"ఆలస్యమైన దినాలంతా వాడు ఉండేవాడు కాదు. నా పాటికి నేను ఈడ కాఫీ తాగి, పేపరు చదువుకోని, సుఖంగా ఇంటికి వస్తా ఉంటిని. ఇంక దినామూ దొరుకుతాను వాడికి" అన్నాడు. "నిన్నెవుర్రా బాగు చెయ్యమనింది?"